చోడవరం బడిలో మా బెల్లప్పొయ్యి

మొన్న మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. కొడుక్కి కుదరలేదు, కోడలికి డ్యూటీ పడింది. "నువ్వే రా మామ్మా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది పిల్ల. చోడవరంలో ప్రభుత్వ హైస్కూలు. కుర్చీలు వేసి, షామియానా కట్టి, పెళ్ళిలాగే చేశారు. హెడ్మాస్టరమ్మ మైకు పట్టుకుని ఒక్కొక్కరినే పైకి పిలిచింది. కబడ్డీలో జిల్లా దాటి ఆడొచ్చిన ఆడపిల్ల ఒకతి, నేల ఎండిపోతే తనంతట తానే నీళ్ళు వదిలే మిషను కట్టిన మగపిల్లలు ఇద్దరు, వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్న పిల్ల ఇంకొకతి. ఎవరి పిల్లలో నాకు తెలీదు. అయినా చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు ఎర్రబడ్డాయి.

అంతా అయ్యాక స్టీలు గ్లాసుల్లో రాగిజావ ఇచ్చారు. ఒక్క గుక్క తాగానో లేదో, నాలిక్కి బెల్లం తగిలింది. మంచి బెల్లమే, కాదనను. కానీ మా అయ్య వండిన బెల్లం కాదు. ఆ గుక్కతో నా మనసు ఎక్కడికో పోయింది. ఇదే చోడవరంలో, ఇలాంటి బడి ఆవరణలోనే, నేనొకసారి మూడు ఇటుకల పొయ్యి వెలిగించి బెల్లం వండాను. ఏడో తరగతి చదివే రోజులు. ఆ సంగతి ఆ షామియానా కింద కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ తెలీదు. తెలిసినవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు కూడా.

మా ఊరు చోడవరానికి ఆరు మైళ్ళు. చుట్టూ చెరుకే. ఇప్పుడు ఆ చెరుకు ఎక్కడుంది, సరుగుడు తోటలు లేచాయి. అప్పట్లో చలి మొదలైందంటే ఊరి బయట గానుగలు తిరిగేవి, పొయ్యిలు రాజేవి. మా నాలుగిళ్ళకీ కలిపి ఒక గానుగ. వండేవాడు మాత్రం మా అయ్యే. పాకం చూడ్డంలో ఆయన్ని మించినవాడు మా చుట్టుపక్కల లేడని చెప్పుకునేవారు. ఆయన కంటితో చూసేవాడు కాదు, చెవితో వినేవాడు. పెనంలో రసం ముందు గలగలమంటుందట, కాసేపటికి గుసగుసలాడుతుందట, ఆఖర్న బుడుంగు బుడుంగుమంటుందట. ఆ బుడుంగు వినగానే గరిటెతో ఇంత తీసి చెంబు నీళ్ళల్లో వేసేవాడు. వేళ్ళకి ఉండ కడితే, ఇంక పెనం దింపడమే.

వాసన కూడా అంతే, గంటకోలాగ ఉండేది. పచ్చి రసం గడ్డి కోసినట్టు వాసన. కాస్త సున్నం పడ్డాక, బెండకాడల జిగురు పోశాక మడ్డి పైకి తేలేది. దాన్ని తీసి పారబోసేటప్పుడు ముక్కు మూసుకోవాలి. ఆ మడ్డంతా పోయాక, పాకం దగ్గరపడుతున్నప్పుడు వచ్చే వాసన ఉంది చూశారా, ఊరి అవతల కొసన ఉన్న పిల్ల కూడా ఆ వాసన పట్టుకుని పరిగెత్తుకొచ్చేది.

నా పని పొయ్యిలోకి పిప్పి ఎగదోయడం. పిండేసిన చెరుకు పిప్పిని ఎండబెట్టి అదే మంటకి వాడేవాళ్ళం. మంట తగ్గకూడదు, పెరగకూడదు. అయిదో తరగతి నించీ ఆ పని నాదే. గానుగ ఆడినన్నాళ్ళూ బడికి సగం పూటే వెళ్ళేదాన్ని. అక్కడ కూర్చున్నందుకు నాకు దొరికే లాభం ఒకటుండేది. చిలగడదుంపకి అరటినార కట్టి, అయ్య అటు తిరగ్గానే పెనంలోకి వదిలేసేదాన్ని. ఒకసారి ఆయన గరిటెకి నార తగిలింది. దుంపని పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా ఉడకలేదు" అని మళ్ళీ పెనంలో వేసేశాడు. అలాంటి మనిషి.

ఆ పొయ్యికి ఒక కట్టు ఉండేది. మా వైపు అన్ని పొయ్యిలకీ ఉండేదనుకోండి, మా అయ్య మరీ గట్టిగా పాటించేవాడు. దారిన పోయేవాడు ఎవడైనా సరే, పొయ్యి దగ్గర నిలబడ్డాడంటే ఒక చెంబు రసమో, ఆకులో ఇంత వేడి బెల్లమో పెట్టకుండా పంపకూడదు. వాడు ఎవడని అడక్కూడదు. అడిగాక పెట్టడం కాదు, అడక్కముందే పెట్టాలి. ఉత్త చేతులతో మనిషి వెళ్ళిపోతే ఆ ఏడాది బెల్లం గట్టిపడదని మా వాళ్ళ నమ్మకం.

మా ఊళ్ళో బడి ఏడో తరగతితో సరి. ఎనిమిది చదవాలంటే చోడవరం పోవాలి. ఆడపిల్లలెవరూ పోయేవారు కాదు, మొదటిసారి పోబోయేది మునసబుగారి అమ్మాయే. ఆ అమ్మాయి నాతోటిదే, నా పక్కనే కూర్చునేది. దానికి ఎనిమిది ఖాయం. నాకు ఏడుతో ఆఖరు. నాకేమో చదువంటే ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పలేను. మా సైన్సు మాస్టారి వల్లనేమో. ఆయన మా వైపు మనిషి కాదు, గోదావరి అవతల నించి వచ్చారు. బక్కపలచగా ఉండేవారు, ఒక పాత సైకిలు. బడిలో సామాను ఏమీ లేకపోతే జల్లెడ పట్టుకుని దాని నీడలో సూర్యగ్రహణం చూపించారు మాకు.

ఆయన మా అయ్యతో ఒకటి రెండుసార్లు మాట్లాడారు. పిల్లని ఎనిమిదికి పంపమన్నారు. అయ్య ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఏడు సాలు మేస్టారూ. ఆడగుంట ఇంకెంత సదువుతాది? పొయ్యి కాడ మనిసి లేదు నాకు."

ఆ శీతాకాలం చోడవరంలో బడులన్నీ కలిసి సైన్సు ప్రదర్శన పెడుతున్నాయని కాగితం వచ్చింది. మా బడి నించి అంతకు ముందెన్నడూ ఎవరూ వెళ్ళలేదు. ఏం పట్టుకెళ్దామని మాస్టారు అడిగితే, మగపిల్లలు బ్యాటరీతో లైటు వెలిగిద్దామన్నారు. ఒకడు మట్టితో రైవాడ డ్యాము కడతానన్నాడు. మాస్టారు ఏదీ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం సైకిలు మీద వెళ్తూ మా పొయ్యి దగ్గర ఆగారు. అయ్య పాకం చూస్తున్న తీరు అంతా చూశారు. రసంలో సున్నం ఎందుకేస్తావు, నూనె చుక్క ఎందుకేస్తావు అని ఒక్కొక్కటే అడిగారు. మర్నాడు క్లాసులో చెప్పారు, మనం బెల్లం వండుతాం, అందరి ముందరా, పచ్చి రసం నించి దిమ్మ దాకా అని. వండేది నేను. వివరం చెప్పేది మునసబుగారమ్మాయి. నాకు కొత్తవాళ్ళ ముందర నోరు పెగలదు, దానికి నోరు మూతపడదు. మీ ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతారన్నారు మాస్టారు.

చోడవరం వెళ్ళేముందు పొయ్యి దగ్గరికి వచ్చి అయ్యని అడిగారాయన, బహుమతి తెస్తే ఎనిమిదికి పంపుతావా అని. అయ్య నవ్వాడు. "తెస్తే సూద్దాం మేస్టారూ" అన్నాడు. ఆ మాట నేను పొయ్యి వెనక నించి విన్నాను. ఇంక నాకు నిద్ర పట్టలేదు. బహుమతి వస్తే ఎనిమిది, రాకపోతే పిప్పి.

వెళ్ళే రోజు పొద్దున్నే గానుగ ఆడి, ఇత్తడి బిందె నిండా రసం పట్టి, మూతికి చెరుకాకు కట్టాడు అయ్య. రసం పులవకుండా చిటికెడు సున్నం వేశాడు. పెనం వదిలి రాలేడు గదా, అందుకని దారిపొడుగునా నేను గుర్తుపెట్టుకోవలసినవన్నీ బండెక్కేలోపే చెప్పేశాడు. అమ్మ ఇనప మూకుడు తోమి ఇచ్చింది. మునసబుగారి బండిలో నేనూ వాళ్ళమ్మాయీ, మధ్యలో బిందె, వెనక గోనెడు పిప్పి. బండి పక్కనే సైకిలు మీద మాస్టారు. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం బిందెని పసిపిల్లలా పట్టుకునేవాళ్ళం.

చోడవరం బడిలో వరండా నిండా బల్లలు వేశారు. అన్ని బడుల పిల్లలూ అట్టముక్కలతో, గాజు గొట్టాలతో సర్దుకుంటున్నారు. మాది నిప్పు పని కదా, ఆవరణ చివర గోడవారన, బాదం చెట్టు పక్కన చోటిచ్చారు. మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించాను. గాలికి మంట నిలవకపోతే మాస్టారు తన పంచె కొంగు అడ్డం పట్టి నిలబడ్డారు. బూడిద ఎగిరి ఆయన జుట్టంతా తెల్లబడింది. పొద్దుటి నించీ ఆ మనిషి పొయ్యి వదల్లేదు. నీళ్ళు మోశారు, మడ్డి తీసి పారబోశారు. మునసబుగారమ్మాయి చెట్టుకి ఎదురుగా నిలబడి, ఉపన్యాసం వల్లె వేసుకుంటోంది.

జడ్జీలు పన్నెండుకి వస్తారన్నారు. రాలేదు. పాకం మాత్రం పన్నెండుకల్లా దగ్గరపడింది. బుడుంగు విన్నాను, నీళ్ళలో వేసి చూశాను, ఉండ కట్టింది. దింపేశాను. ఎర్రగా, మెరుస్తూ, ఎంత బాగా వచ్చిందో. జడ్జీలని పిలుచుకొస్తానని మాస్టారు ఆఫీసు గది వైపు పరిగెత్తారు.

అప్పుడొచ్చింది ఒక చిన్నపిల్ల. ఏ బడిదో, మూడో నాలుగో చదివే పిల్ల, అక్క వెంట వచ్చినట్టుంది. పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడింది. ఏమీ అడగలేదు. నా చెయ్యి దానంతట అదే బాదం ఆకు తీసి, ఇంత బెల్లం పెట్టి, చేతికిచ్చేసింది. ఆ పిల్ల వెనక ఇద్దరు, వాళ్ళ వెనక నలుగురు. ఆ వాసన వరండాలో బల్లలన్నిటి దగ్గరికీ వెళ్ళిపోయినట్టుంది. దేవరాపల్లి వైపు పిల్లలు, చీడికాడ వైపు పిల్లలు, గాజు గొట్టాలు వదిలేసి వచ్చేశారు.

మునసబుగారమ్మాయి నా జబ్బ పట్టుకుంది.

"ఒలే, అలాగిచ్చెత్తన్నావేటే? జడ్జీలింకా రాలేదు."

"నిలబడి సూత్తన్నారే. ఎలాగ పొమ్మంటాను?"

"పొమ్మనక్కర్లేదు, ఊరుకో. ఆళ్ళే పోతారు."

ఊరుకోవడమే మా పొయ్యి దగ్గర పెద్ద తప్పు. ఆ మాట దానికి చెప్పడం నాకు రాలేదు. ప్రతి ఆకు పెడుతున్నప్పుడూ నా ఎనిమిదో తరగతి కొంచెం కొంచెం తరిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. అలాగని గరిటె ఆగలేదు. ఆఖరికి మూకుడు గోకి, ఆ గోకుడు కూడా పెట్టేశాను.

అప్పుడొచ్చారు జడ్జీలు, ముగ్గురు. వెనకే మాస్టారు, మొహం వెలిగిపోతూ. మునసబుగారమ్మాయి చేతులు కట్టుకుని మొదలుపెట్టేసింది. "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. మీ ఎదుట కనబడుతున్న ఈ బంగారు రంగు బెల్లం" అని మూకుడు వైపు చెయ్యి చూపించింది. మూకుడు ఖాళీ. అది మాత్రం ఆగలేదు, వల్లెవేసింది వల్లెవేసినట్టు అప్పజెప్పేసింది. మాస్టారి మొహం ఎలా మారిందో నేను చూడలేదు. తల వంచేసుకున్నాను.

కళ్ళజోడు పెట్టుకున్న జడ్జీగారు వంగి మూకుట్లోకి చూశారు.

"ఏదమ్మా బెల్లం?"

అందరూ నా వైపే చూశారు. నోరు విప్పక తప్పలేదు.

"తినేసేరండి."

"ఎవరు?"

చెయ్యి చాచి ఆవరణంతా చూపించాను. ఎక్కడ చూసినా పిల్లలు ఆకులు నాకుతున్నారు. ఎందుకు పెట్టావని అడిగారాయన. "పొయ్యి కాడికొచ్చినోల్ని ఉత్తి సేతుల్తో పంపకూడదండి" అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆయన నవ్వారు, కానీ కాగితం మీద ఏమీ రాయలేదు. చూడ్డానికేమీ లేకపోతే ఏం రాస్తారు పాపం. సైకిలు చక్రంతో నీళ్ళు తోడే పంపుకి మొదటి బహుమతి ఇచ్చారు. మాకు రెండూ రాలేదు, మూడూ రాలేదు.

తిరిగి వస్తుంటే బండిలో మునసబుగారమ్మాయి మొహం అటు తిప్పేసుకుంది. దాని కోపం న్యాయమే. పదిహేను రోజులు వల్లె వేసింది. మాస్టారు సైకిలు మీద పక్కనే వస్తున్నారు. నేను ఏడవలేదు. సగం దారిలో ఆయనే కదిపారు, నన్ను నవ్వించడానికే అనుకుంటాను.

"ఊరందరికీ పెట్టావు గదమ్మా, నాకు పెట్టలేదేం?"

బహుమతి పోతే రాని ఏడుపు అప్పుడొచ్చింది. పొద్దుటి నించీ మంటకి అడ్డం నిలబడిన మనిషి. పొయ్యికి అందరికంటే దగ్గరున్న మనిషి. ఆయన చేతిలో ఇంత బెల్లం పెట్టలేదు నేను. "ఊరికే అన్నానమ్మా, ఊరికే" అని ఆయన సైకిలు దిగి బతిమాలారు. మునసబుగారమ్మాయి కోపం మర్చిపోయి తన పరికిణీతో నా మొహం తుడిచింది.

ఇంటికొస్తే అయ్య ముందు బహుమతి సంగతి అడగలేదు. పాకం ఎలా వచ్చిందని అడిగాడు. ఎర్రగా వచ్చిందన్నాను. జరిగిందంతా చెప్పాను. ఖాళీ మూకుడు మీద ఉపన్యాసం సంగతి విని దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తరవాత అడిగాడు.

"అందరికీ సరిపోనాదా?"

"సరిపోనాది. మేస్టారికే పెట్టలేదు."

నవ్వు ఆగిపోయింది. "పొద్దుట్నించీ నీ పొయ్యి కాడే ఉన్నాడా ఆయన?"

"ఉన్నారు."

గుంట మరిచిపోయింది, రేపు ఒక దిమ్మ పట్టుకెళ్ళి ఇచ్చేస్తే పోలేదా అంది అమ్మ. అయ్య ఒప్పుకోలేదు. ఇంటికి పంపేది వేరు, పొయ్యి దగ్గర పెట్టేది వేరన్నాడు. ఆదివారం మాస్టారిని గానుగకి రమ్మని నాతోనే కబురు పెట్టాడు.

ఆదివారం వచ్చారాయన. నాలుగిళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. నేను బెండకాడలు దంచుతున్నాను, నా చోట అమ్మ కూర్చుని పిప్పి ఎగదోస్తోంది. అయ్య చేతులు కడుక్కుని, అరిటాకు ముక్కలో పొగలు కక్కే బెల్లం వేసి, పైన కొబ్బరి కోరు చల్లి, రెండు చేతులతో అందించాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"బెల్లం కోసం రాలేదయ్యా నేను."

"మరేటి కావాల మేస్టారూ?"

"ఈ పిల్లని ఎనిమిదిలో చేరుస్తానను, తింటాను. లేదంటే ఇలాగే వెళ్ళిపోతాను."

అయ్య చేతిలో ఆకు అలాగే ఉంది. "ప్రైజు తెస్తే గదా అన్నాను" అన్నాడు నెమ్మదిగా.

"తేలేదు. నీ పొయ్యి కట్టు తప్పలేదు కాబట్టే తేలేదు."

అయ్య కళ్ళెత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ మంటలోంచి తల తిప్పకుండానే అంది.

"సెయ్యి కాల్తంది, ఏదోటి సెప్పు."

"తినండి మేస్టారూ" అన్నాడు అయ్య. "ఎనిమిదికి పంపుతాను."

మాస్టారు ఆకు అందుకున్నారు. నిలబడే, నాలిక కాలుతున్నా ఆగకుండా, మొత్తం తినేశారు.

అలాగ నేను ఎనిమిదో తరగతి చదివాను. మునసబుగారి బండిలో ఒక పక్క నాకు చోటిచ్చారు. ఆ బండికి డబ్బు ఎవరూ అడగలేదు. ఆ ఏడాది ఖోఖో జట్టులో ఆడాను, అనకాపల్లి దాకా వెళ్ళి ఓడిపోయి వచ్చాం. సైన్సులో క్లాసు మొత్తానికి రెండో మార్కు నాదే. తొమ్మిదికి మాత్రం వెళ్ళలేదు. అయ్య ఎనిమిది వరకే మాటిచ్చాడు. మాటిప్పించిన మాస్టారికి బదిలీ అయిపోయింది. ఇంకోసారి పొయ్యి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకునేవాళ్ళు లేకపోయారు. నాకు బాధ లేదని చెప్పను. కానీ ఆ ఒక్క ఏడాది లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి నాకుండేది కాదు. మా అత్తవారి వీధిలో ముప్ఫయ్యేళ్ళు అందరి ఉత్తరాలూ రాసిపెట్టింది ఆ చెయ్యే.

ఈ కథ చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళు మాస్టారిని మెచ్చుకుంటారు, అయ్యని మెచ్చుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అంతే అనుకున్నాను. నా పిల్లలు బడికి పోయే వయసొచ్చి, ఇంటి పని నా ఒక్కదాని నెత్తిన పడ్డాక తెలిసింది. పొయ్యి దగ్గర మనిషి లేదని గదా అయ్య మొదటి నించీ చెప్పింది. మరి నేను చోడవరం వెళ్ళిపోయిన ఆ చలికాలం పొయ్యి ఎలా మండింది? మా అమ్మ కూర్చుంది. ఇంటి పని తెల్లవారకముందే ముగించుకుని, పొద్దుగూకేదాకా ఆ మంట ముందర కూర్చుంది. మోచేతుల దాకా వెంట్రుకలు మాడిపోయేవి. ఒక్కనాడూ నాతో ఆ మాట అనలేదు.

బండి దిగి నేను నేరుగా గానుగకే వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే "ఈయేళ ఏటి సెప్పేరు?" అని అడిగేది. పక్కన కూర్చుని అన్నీ చెప్పేదాన్ని. గుండెకి నాలుగు గదులుంటాయని చెప్పాను. భూమి కాస్త వంగి తిరుగుతుందని చెప్పాను. మొక్కలు ఎండతో తిండి వండుకుంటాయని చెప్పిన రోజు చాలాసేపు పిప్పి ఎగదోస్తూ ఆలోచించింది.

"ఎండ తిని తీపి కడతాదన్నమాట సెరుకు. మరి రోజల్లా ఎండలో ఉండేది నేనూనూ, నాకేటి కట్టినాది?" అని తనే నవ్వింది.

వారం రోజుల తరవాత కూడా మర్చిపోయేది కాదు. ఆదివారం గానుగకి వచ్చిన ఆడవాళ్ళకి గుండె గదుల సంగతి నా కంటే బాగా చెప్పేది. నేను ఎక్కడైనా తడబడితే, "మొన్న అలాగ సెప్పలేదే నువ్వు" అని దిద్దేది.

మా ఇంట్లో ఎనిమిదో తరగతి చదివినవాళ్ళం ఇద్దరం. పరీక్ష మాత్రం నేనొక్కదాన్నే రాశాను.